కూల్‌డ్రింక్ షేరు ఖరీదా, చవకా? తెగని వాదానికి ఒక సమీక్ష

చిన్న కూల్‌డ్రింకుల కంపెనీ ఒకటి స్టాక్ మార్కెట్లో లిస్టయిందంటే దాని చుట్టూ వాదన మొదలవడానికి ఎంతో కాలం పట్టదు. మందుల కంపెనీ గురించో, రసాయనాల కంపెనీ గురించో మాట్లాడాలంటే జంకే చిన్న మదుపరి కూడా సీసా దగ్గరికి వచ్చేసరికి ధైర్యంగా అభిప్రాయం చెబుతాడు. రుచి తెలుసు. కొట్లో ఏ సీసా ముందు వరసలో ఉందో, ఏది దుమ్ము పట్టి ఉందో రోజూ చూస్తూనే ఉంటాడు. కంపెనీ చిన్నది కాబట్టి అమ్మకాలు కొంచెం పెరిగినా శాతాల్లో అది చాలా పెద్దగా కనిపిస్తుంది. చేతులు మారే షేర్లు తక్కువ కాబట్టి ధర కూడా అంతే వేగంగా ఎగురుతుంది. అక్కడితో మదుపరులు రెండు వర్గాలుగా విడిపోతారు. ఈ ధర మరీ ఎక్కువని ఒకరు, ఇంకా మొదలే కాలేదని మరొకరు.

ముప్పై ఏళ్లుగా అమెరికాలో, పదేళ్లుగా భారత్‌లో ఈ వాదం రకరకాల కంపెనీల మీద నడిచింది. వాదించినవాళ్లు ఎక్కువగా ధర గురించి, పీఈ (లాభానికి ధర ఎన్ని రెట్లుందనే లెక్క) గురించి, పోటీ గురించి మాట్లాడారు. కానీ పెద్ద పెద్ద ఉదాహరణలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చివరికి విషయం తేల్చింది మరో లెక్క: ఫ్యాక్టరీ గేటు దాటిన సరుకెంత, అందులో జనం నిజంగా కొని తాగిందెంత. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని పట్టించుకోని వాదన ఏ పక్షానిదైనా సగమే.

మొదటి మలుపు: స్నాపిల్

ఈ వాదంలో రెండు పక్షాలూ సాక్ష్యంగా తెచ్చుకునే పేరు స్నాపిల్. 1972లో న్యూయార్క్‌లో చిన్నగా మొదలైన ఈ కంపెనీ పళ్లరసాలతో, సీసా టీలతో పేరు తెచ్చుకుని 1992 డిసెంబరులో షేర్లను మార్కెట్లోకి తెచ్చింది. 1994లో క్వేకర్ ఓట్స్ దాన్ని 170 కోట్ల డాలర్లకు కొనేసింది. మూడేళ్లు తిరక్కుండానే, 1997లో, ట్రయార్క్ అనే సంస్థకు 30 కోట్ల డాలర్లకే అమ్ముకుంది.

చిక్కు పంపిణీలో వచ్చింది. క్వేకర్ చేతిలో అప్పటికే గేటరేడ్ అనే క్రీడాకారుల పానీయం ఉంది. అది పెద్ద సూపర్‌మార్కెట్ల గోదాముల ద్వారా అమ్ముడుపోయేది. స్నాపిల్‌ను మాత్రం వీధి చివరి కొట్లకు, చిన్న తినుబండారాల దుకాణాలకు స్వతంత్ర డిస్ట్రిబ్యూటర్లు చేరవేసేవారు. వాళ్ల చేతిలో ఉన్న సూపర్‌మార్కెట్ల వ్యాపారాన్ని వదులుకోమని క్వేకర్ అడిగితే ఆ డిస్ట్రిబ్యూటర్లు ససేమిరా అన్నారు. ట్రయార్క్ ఆ డిస్ట్రిబ్యూటర్లతో తిరిగి సయోధ్య కుదుర్చుకుంది. 2000లో ఇతర బ్రాండ్లతో కలిపి స్నాపిల్‌ను క్యాడ్‌బరీ ష్వెప్స్‌కు వంద కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మింది.

ఒకే పానీయానికి ఎనిమిదేళ్లలోపు ఇంతింత తేడాతో ధరలు పలికాయి. పెద్ద కంపెనీ వచ్చి మంచి ధరకు కొంటుందని నమ్మేవాళ్లకు 1994 సాక్ష్యం. అలా కొన్నది కూడా తప్పుడు ధర కావచ్చని చెప్పేవాళ్లకు 1997 సాక్ష్యం.

2007: జోన్స్, హాన్సెన్

వాదం బాగా వేడెక్కింది జోన్స్ సోడా దగ్గర. పీటర్ వాన్ స్టోక్ కెనడాలో ప్రారంభించి, తర్వాత సియాటిల్‌కు తరలించిన కంపెనీ ఇది. సీసా మీద అచ్చువేసే ఫొటోలు కొనుగోలుదారులు పంపినవే. మొదట్లో స్కేట్‌బోర్డులు అమ్మే షాపుల్లో, పచ్చబొట్లు పొడిచే చోట్ల తన కూలర్లు పెట్టి సోడా అమ్మింది. 2003లో థాంక్స్‌గివింగ్ పండగకు టర్కీ కోడి మాంసం, గ్రేవీ రుచితో సోడా తెచ్చి దేశమంతా మాట్లాడుకునేలా చేసింది. ప్రకటనల ఖర్చు పెద్దగా లేకుండానే పేరు పాకింది.

2006 ఆరంభంలో 5 డాలర్ల చిల్లర ఉన్న షేరు 2007 ఏప్రిల్‌కు 30 డాలర్ల దాకా వెళ్లింది. షేర్ల సంఖ్య దాదాపు 2.6 కోట్లు. అంటే మార్కెట్ విలువ 75 కోట్ల డాలర్లు దాటింది. 2006లో మొత్తం అమ్మకాలు మాత్రం 3.9 కోట్ల డాలర్లు, లాభం అర కోటి డాలర్ల లోపు. అమ్మకాలకు ఇరవై రెట్లు ధర!

అంత ధర ఇచ్చినవాళ్ల నమ్మకానికి ఒక కారణం ఉంది. అప్పటిదాకా ఎక్కువగా గాజు సీసాల్లో దొరికిన జోన్స్, నేషనల్ బెవరేజ్‌తో ఒప్పందం చేసుకుని 2007లో అల్యూమినియం డబ్బాల్లో సూపర్‌మార్కెట్లకు వెళ్లింది. అదే ఏడాది సియాటిల్‌లోని క్వెస్ట్ ఫీల్డ్ స్టేడియంలో కోకా-కోలాను తప్పించి పానీయాల కాంట్రాక్టు దక్కించుకుంది. కానీ సూపర్‌మార్కెట్ అర మీదికి డబ్బాలు చేరినంత తేలిగ్గా అక్కణ్నుంచి కదల్లేదు. ప్రచారానికి, రాయితీలకు ఖర్చు పెరిగింది. 2007 అమ్మకాలు ముందటేడాది దగ్గరే ఆగిపోయి, నష్టం 1.16 కోట్ల డాలర్లకు చేరింది. 2008 ముగిసేసరికి షేరు డాలరు కన్నా కిందికి పడింది.

అదే కాలంలో కాలిఫోర్నియాలో హాన్సెన్ నేచురల్ కథ మరో రకంగా నడిచింది. రాడ్నీ సాక్స్, హిల్టన్ ష్లాస్‌బర్గ్ నడిపిన ఈ కంపెనీ 2002లో మాన్‌స్టర్ ఎనర్జీ డ్రింకును తెచ్చింది. 2004లో 18 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 2005లో దాదాపు 35 కోట్లకు, 2006లో 60 కోట్లకు పెరిగాయి. లాభం కూడా వెంటే పెరిగింది. 2006 చివర మార్కెట్ విలువ దాదాపు 300 కోట్ల డాలర్లు. అమ్మకాలకు ఐదు రెట్లు, లాభానికి ముప్పై రెట్లు. అప్పుడు దాన్నీ ఖరీదని అన్నవాళ్లున్నారు. 2012లో కంపెనీ పేరే మాన్‌స్టర్ బెవరేజ్‌గా మారింది. 2015లో కోకా-కోలా అందులో 16.7 శాతం వాటాకు 215 కోట్ల డాలర్లు చెల్లించింది.

జోన్స్‌ను చూసి చిన్న పానీయాల కంపెనీలన్నీ బుడగలని తీర్మానించడం, హాన్సెన్‌ను చూసి ఏ ధరైనా ఇవ్వొచ్చనుకోవడం రెండూ ఆ తర్వాతి వాదనల్లో పదే పదే కనిపిస్తాయి. ఈ రెండు కథలనూ కలిపి చదివినవాళ్లు తక్కువ.

నాలుగు పక్షాలు

మొదటిది లెక్కల పక్షం. లాభానికి ధర ఎన్ని రెట్లుంది, అమ్మకాలకు ఎన్ని రెట్లుంది, ఈ ధరను సమర్థించాలంటే పదేళ్లలో కంపెనీ ఎంత పెరగాలి అని వీళ్లు అడుగుతారు. జోన్స్ విషయంలో వీళ్ల మాటే నెగ్గింది. ఈ పద్ధతికి బలం క్రమశిక్షణ. లోపం ఏమిటంటే కొత్త పానీయం లాభాలు మొదట్లో ప్రచారం కింద, కూలర్ల కింద ఖర్చయిపోతాయి కాబట్టి పీఈ ఒక్కటే చూస్తే మంచి కంపెనీ కూడా ఎప్పుడూ ఖరీదుగానే ఉంటుంది.

రెండోది వృద్ధి పక్షం. కోలాల మార్కెట్ ఎంత పెద్దదో చూపించి, అందులో ఒక్క శాతం దక్కినా చాలంటుంది. ఈ వాదనను హాన్సెన్ నిలబెట్టింది. అయితే ఆ ఒక్క శాతం ఎవరి చేతిలోంచి లాక్కోవాలో, వాళ్లు ఊరుకుంటారో లేదో ఈ లెక్కలో ఉండదు. మన దగ్గర రిలయన్స్ 2023లో క్యాంపాను మళ్లీ మార్కెట్లోకి తెచ్చి పది రూపాయల సీసా పెట్టాక పెద్ద కంపెనీలు సైతం ధరల గురించి తిరిగి ఆలోచించాల్సి వచ్చింది. చిన్న కంపెనీకి అలాంటి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

మూడోది, పెద్ద కంపెనీ కొనేస్తుందనే పక్షం. దీనికి ఊపిరి పోసింది 2007 మేలో కోకా-కోలా ప్రకటించిన గ్లాసో కొనుగోలు. విటమిన్‌వాటర్ తయారుచేసే ఆ కంపెనీకి 410 కోట్ల డాలర్లు ఇచ్చారు. అందులో లాభపడినవాళ్లలో టాటాలు కూడా ఉన్నారు. 2006లో 67.7 కోట్ల డాలర్లకు కొన్న 30 శాతం వాటాను 120 కోట్ల డాలర్లకు కోక్‌కు అమ్మారు. ఈ వార్త వచ్చినప్పుడు తర్వాతి వంతు జోన్స్‌దేనని ఆశపడడం సహజం. కానీ గ్లాసో ఏడాది అమ్మకాలు సుమారు 35 కోట్ల డాలర్లు. అంటే కోక్ ఇచ్చింది పన్నెండు రెట్లు. జోన్స్ షేరు అప్పటికే అంతకన్నా ఎక్కువ పలుకుతోంది. కొనేవాడు వచ్చినా ఇవ్వగల ధరను దాటేసిన షేరుకు ఈ వాదన అండగా నిలవదు.

నాలుగోది కొట్టు చూసి నమ్మే పక్షం. 1989లో వచ్చిన తన పుస్తకంలో పీటర్ లించ్ ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. నిత్యజీవితంలో కళ్లకు కనిపించే మంచి సరుకును బట్టి కంపెనీని వెతకమన్నాడు, కాకపోతే ఆ తర్వాత బ్యాలెన్స్ షీటు చదవాలని కూడా చెప్పాడు. చాలామంది మొదటి సగమే గుర్తుపెట్టుకున్నారు. ఒక ఊళ్లో ఫ్రిజ్ నిండా ఉన్న సీసా మరో రాష్ట్రంలో దొరకకపోవచ్చు. అయినా వృత్తి విశ్లేషకుల కంటే ముందు నిజం తెలిసే అవకాశం ఈ పక్షానికే ఉంది, ఎందుకంటే సరుకు కదులుతోందో లేదో చూసేది వీళ్లే.

గోదాములో ఎంత, గొంతులో ఎంత

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. పానీయాల కంపెనీ తన ఖాతాలో అమ్మకంగా రాసుకునేది సీసా డిస్ట్రిబ్యూటర్‌కు చేరినప్పుడే. అది గోదాములో కూర్చున్నా, కొట్లో ఎండకు పడి ఉన్నా, ఆ త్రైమాసికం అమ్మకాల్లో తేడా కనిపించదు. కొత్త రాష్ట్రంలోకి, కొత్త డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఖాళీ గోదాములు నిండుతాయి. ఆ నిండడం ఒక్కసారే జరుగుతుంది. దాన్ని ప్రతి ఏడాదీ వచ్చే వృద్ధిగా లెక్కగట్టినప్పుడే షేరు దారితప్పుతుంది.

దీనికి ఇటీవలి స్పష్టమైన ఉదాహరణ ఫ్లోరిడాకు చెందిన సెల్సియస్ హోల్డింగ్స్. 2020లో 13 కోట్ల డాలర్ల అమ్మకాలున్న ఈ ఎనర్జీ డ్రింకుల కంపెనీలో 2022 ఆగస్టులో పెప్సికో 55 కోట్ల డాలర్లు పెట్టి, పంపిణీ బాధ్యత తీసుకుంది. 2022లో 65 కోట్లు, 2023లో దాదాపు 132 కోట్ల డాలర్లు. అమ్మకాలు ఏటా రెట్టింపు. 2024 వసంతంలో షేరు 95 డాలర్లు దాటింది.

అప్పటికే పెప్సి గోదాముల్లో అవసరానికి మించిన సరుకు పేరుకుంది. నిల్వలు తగ్గించుకోవడానికి పెప్సి ఆర్డర్లు కోసేసరికి 2024 మూడో త్రైమాసికంలో సెల్సియస్ అమ్మకాలు 31 శాతం పడిపోయి 26.6 కోట్ల డాలర్లకు వచ్చాయి. విశేషమేమిటంటే అదే త్రైమాసికంలో దుకాణాల్లో వినియోగదారులు కొన్న సెల్సియస్ ముందటేడాది కన్నా ఎక్కువే. షేరు నవంబరుకు 30 డాలర్ల లోపుకు జారింది. 2025లో అలానీ ను అనే మరో బ్రాండును 180 కోట్ల డాలర్లకు కొన్నాక మళ్లీ 60 డాలర్లు దాటింది.

కాబట్టి ఒకే ఏడాదిలో రెండు వర్గాల వాదనలూ నిజమయ్యాయి. ఖరీదన్నవాళ్లకు ధర పతనం సాక్ష్యం. సరుకు బాగుందన్నవాళ్లకు దుకాణం బిల్లులు సాక్ష్యం. అమెరికాలో గేటు దాటిన సరుకునూ, జనం కొన్నదాన్నీ పోల్చే సౌకర్యం కొంత ఉంది. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ల స్కానర్ లెక్కలను నీల్సన్, సర్కానా లాంటి సంస్థలు సేకరిస్తాయి. వాటిలో వృద్ధి నెమ్మదించిందన్న కబురుకే 2024 మే చివర్లో సెల్సియస్ షేరు ఒక్కరోజులో పదో వంతుకు పైగా పడింది.

మన మార్కెట్లో మన్‌పసంద్

భారత్‌లో ఇదే వాదానికి గట్టి ఉదాహరణ వడోదరకు చెందిన మన్‌పసంద్ బెవరేజెస్. మ్యాంగో సిప్ అనే మామిడి పానీయం దాని ఆయువుపట్టు. 2015లో 320 రూపాయల చొప్పున షేర్లు అమ్మి 400 కోట్ల రూపాయలు సమీకరించింది. మరుసటి ఏడాది సంస్థాగత మదుపరుల నుంచి మరో 500 కోట్లు తెచ్చింది. రెండేళ్లలో అమ్మకాలు దాదాపు రెట్టింపయ్యాయి. కొత్త ఫ్యాక్టరీలకు ఎంచుకున్న చోట్లలో తిరుపతి దగ్గరి శ్రీసిటీ కూడా ఉంది.

దీని మీద వాదం వింతగా నడిచింది. పెద్ద నగరాల్లో ఉండే మదుపరులకు ఆ సీసా అంతగా కనిపించేది కాదు. కంపెనీ మాత్రం తన బలమంతా చిన్న పట్టణాల్లో, పల్లెల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉందని చెప్పేది. నమ్మినవాళ్లకు అది ఇంకా ఎవరూ గుర్తించని సంపద. నమ్మనివాళ్లకు కనిపించని సరుకు అనుమానాస్పదం. ఎవరి దగ్గరా స్కానర్ లెక్కలు లేవు. కిరాణా కొట్లో నగదుకు అమ్ముడైన సీసాకు బిల్లుండదు.

2018 మేలో వార్షిక ఫలితాలకు కొద్ది రోజుల ముందు ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది. అడిగిన సమాచారం అందలేదని కారణం చెప్పింది. షేరు 20 శాతం పడి, ఒక్కరోజులో పడడానికి ఉన్న హద్దు అయిన లోయర్ సర్క్యూట్‌ను తాకింది. అమ్మేవాళ్ల వరస పెరిగింది గానీ కొనేవాళ్లు లేరు. ఏడాది తిరిగాక, 2019 మేలో, నకిలీ సంస్థల పేరిట పన్ను క్రెడిట్ తీసుకున్నారన్న ఆరోపణపై జీఎస్టీ అధికారులు కంపెనీ పెద్దలను అరెస్టు చేశారు. ఆ తర్వాత షేరు కోలుకోలేదు.

మరో ముఖ్యమైన తేడా ఉంది. అమెరికాలో షేరు ఖరీదని నమ్మినవాడు షేర్లు అరువు తెచ్చి అమ్మి, తన మాటకు డబ్బు పందెం కాయగలడు. మన చిన్న కంపెనీల షేర్లు చాలామటుకు ఫ్యూచర్స్ జాబితాలో ఉండవు. అదే రోజు ముగించే ఇంట్రాడే లావాదేవీల్లో తప్ప ఇలా అరువు తెచ్చి అమ్మే (షార్ట్ చేసే) దారి చిన్న మదుపరికి దాదాపు లేదు. అందువల్ల ఇక్కడ అనుమానించినవాడు పక్కకు తప్పుకుంటాడు, నమ్మినవాడే ధర నిర్ణయిస్తాడు.

మామిడి పానీయాల విషయంలో నిజమైన గిరాకీకి తెలుగు నేల మీద ఇంకో ఆనవాలు దొరుకుతుంది. ఈ పానీయాలకు గుజ్జు ఇచ్చే తోతాపురి కాయకు చిత్తూరు జిల్లా పెద్ద కేంద్రం. 2025లో ముందటేడాది గుజ్జు నిల్వలు ఇంకా మిగిలి ఉండడంతో ఫ్యాక్టరీలు కాయలు కొనడానికి వెనకాడాయి. బంగారుపాళ్యం మార్కెట్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని రాష్ట్ర ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. గిరాకీ తగ్గిందన్న సంగతి కంపెనీల త్రైమాసిక ఫలితాలకన్నా ముందే రైతుకు తెలిసిపోయింది. పానీయాల షేర్ల గురించి వాదించేవాళ్లు ఆ ట్రాక్టర్ల వైపు చూసిన దాఖలాలు తక్కువ.

ఔత్సాహికుల మాటకు విలువెంత?

ఈ ప్రశ్న మీద పరిశోధనలు రెండు వైపులా ఉన్నాయి. బ్రాడ్ బార్బర్, టెరన్స్ ఓడీన్ 1991–96 మధ్య 66,465 అమెరికన్ కుటుంబాల ఖాతాలు పరిశీలించారు. అందరికన్నా ఎక్కువగా కొనడం, అమ్మడం చేసినవాళ్లకు ఏడాదికి 11.4 శాతం రాబడి వస్తే, మార్కెట్ 17.9 శాతం ఇచ్చింది. మన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2022–23లో షేర్ల నగదు విభాగంలో ఇంట్రాడే చేసిన ప్రతి పది మందిలో ఏడుగురు నష్టపోయారు. 2020 మార్చిలో నాలుగు కోట్ల పైచిలుకున్న డీమ్యాట్ ఖాతాలు 2024 మార్చికి 15 కోట్లు దాటిన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

మరోవైపు 2014లో రివ్యూ ఆఫ్ ఫైనాన్షియల్ స్టడీస్‌లో వచ్చిన పరిశోధన, మదుపరులు రాసే విశ్లేషణలూ వాటిపై పాఠకుల స్పందనలూ షేర్ల భవిష్యత్ రాబడిని కొంతమేర ముందే సూచిస్తున్నాయని తేల్చింది. వీటి మధ్య వైరుధ్యం కనిపించేంత లేదు. తరచూ షేర్లు కొనడం, అమ్మడం నష్టం. జాగ్రత్తగా గమనించి చెప్పిన మాటకు విలువుంది. నష్టపోయేది గమనిక వల్ల కాదు, దాని మీద వేసే అతి పందెం వల్ల.

ఒక్క చూపులో

- లెక్కల పక్షం: ధరకు హద్దు చెబుతుంది. జోన్స్ దగ్గర నెగ్గింది, హాన్సెన్ దగ్గర ఓడింది.
- వృద్ధి పక్షం: మార్కెట్ ఎంత పెద్దదో చెబుతుంది. హాన్సెన్ దగ్గర నెగ్గింది. సెల్సియస్ దగ్గర గోదాము నిల్వలను వృద్ధిగా పొరబడింది.
- కొనుగోలు పక్షం: గ్లాసో ఊతం. స్నాపిల్ హెచ్చరిక. పలుకుతున్న ధర కొనేవాడి లెక్కను దాటితే దీనికి బలం లేదు.
- కొట్టు పక్షం: సరుకు కదలికను ముందుగా పట్టగలదు. మన్‌పసంద్ లాంటి చోట చూడడానికే ఏమీ దొరక్క చేతులెత్తేసింది.

తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఇంకా జవాబు రాలేదు. జనం మళ్లీ మళ్లీ కొనే అలవాటు ఎన్నేళ్లకు స్థిరపడిందని చెప్పొచ్చు? ఎనర్జీ డ్రింకులకు ఆ అలవాటు త్వరగా పడుతుంది, వింత రుచుల సోడాలకు పడదు. ఈ తేడాను ధరలో ఎంతగా లెక్కించాలో ఏకాభిప్రాయం లేదు. పన్నుల ప్రభావం మరొకటి. 2025 సెప్టెంబరు మార్పుల తర్వాత గ్యాస్ పానీయాలపై జీఎస్టీ 40 శాతంగా, పళ్ల గుజ్జు పానీయాలపై 5 శాతంగా ఉంది. ఇంత అంతరం చిన్న పళ్లరసాల కంపెనీలకు శాశ్వతమైన మేలా, లేక ఆ మేలును పెద్ద కంపెనీలే గుజ్జు పానీయాలతో లాగేసుకుంటాయా అన్నది తెలియడానికి కొన్ని వేసవులు పట్టవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది సమాచారం. దుకాణాల అమ్మకాల లెక్కలు డబ్బు కట్టి కొనుక్కునే సంస్థలకు అందుతున్నాయి, చిన్న మదుపరికి అందడం లేదు. డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఎన్ని రోజుల సరుకు నిల్వ ఉందో పానీయాల కంపెనీలు ప్రతి త్రైమాసికం చెబితే ఈ వాదంలో సగం చిక్కు వీడుతుంది. లిస్టయిన కంపెనీలు సెబీ నిబంధనల ప్రకారం ప్రకటించే త్రైమాసిక ఫలితాల పట్టికలో ఇప్పటికైతే ఆ అంకెకు గడి లేదు. దాన్ని చేర్చమని గట్టిగా అడగాల్సింది, దాని కోసం ఇన్నాళ్లూ కొట్ల చుట్టూ తిరిగి సీసాలు లెక్కపెట్టిన మదుపరులే.